పిట్టలు పాడని వసంతం

మీ ఇంట్లో తాతగారినో, నాయనమ్మనో అడిగి చూడండి. వారి చిన్నతనంలో ఏడాదికి ఒకటి రెండుసార్లు పంపులూ బకెట్లూ పట్టుకొని మనుషులు ఊళ్ళోకి వచ్చేవారు. "మలేరియావాళ్ళు వచ్చారు" అని వీధిలో కబురు తెలియగానే ఆడవాళ్ళు తిండి సామాను, నీళ్ళ బిందెలు ఇంటి బయట పెట్టేవారు. వచ్చినవారు గదిగదికీ తిరిగి, గోడలమీద తెల్లని మందు కొట్టి, గుమ్మం పక్కన తేదీ రాసి వెళ్ళిపోయేవారు. కొన్నాళ్ళపాటు ఇల్లంతా ఒకటే వాసన. ఆ మందే డి.డి.టి.

ఆ మందును అప్పట్లో ఎవరూ తిట్టుకోలేదు. తిట్టుకోవలసిన పనీ లేదు. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి మన దేశంలో ఏటా సుమారు ఏడున్నర కోట్లమందికి మలేరియా వచ్చేది. ఎనిమిది లక్షలమంది దాకా చనిపోయేవారు. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలయింది. ఇంటింటా డి.డి.టి. చల్లారు. 1960ల తొలి సంవత్సరాలకు ఏడాదికి వచ్చే మలేరియా కేసులు లక్ష దగ్గరకు పడిపోయాయి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఇటలీలోని నేపుల్స్ నగరంలో పేలద్వారా వ్యాపించే టైఫస్ జ్వరాన్ని ఆపినది కూడా ఈ పొడే. దీనికి కీటకాలను చంపే గుణం ఉన్నదని 1939లో కనిపెట్టిన స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇంత మేలు చేసిన మందుమీద, దానికి తోబుట్టువులైన ఇతర రసాయనాలమీద, 1962లో అమెరికాలో ఒక పుస్తకం వచ్చింది. దాని పేరు 'సైలెంట్ స్ప్రింగ్', అంటే నిశ్శబ్ద వసంతం. రాసినవారు రేచల్ కార్సన్. పురుగుమందుల సంగతి శాస్త్రజ్ఞుల గదుల్లోంచి సామాన్యుల ఇళ్ళలోకి వచ్చింది ఆ పుస్తకంతోనే. అది ఎలా జరిగిందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

కార్సన్ 1907 మే 27న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని స్ప్రింగ్‌డేల్ అనే చిన్న ఊళ్ళో జన్మించారు. తల్లి ఆమెను వెంటబెట్టుకొని తోటలూ పొలాలూ తిప్పి, పిట్టలనూ పూలనూ చూపించేది. ఆ పిల్ల పదకొండేళ్ళకే ఒక బాలల పత్రికలో కథ అచ్చు వేయించుకుంది. రచయిత్రి కావాలని కళాశాలలో ఇంగ్లీషు సాహిత్యం చదవబోయి, మధ్యలో మనసు మార్చుకొని జీవశాస్త్రంలోకి మారారు. 1932లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రంలో ఎం.ఏ. పూర్తి చేశారు. తరువాత ప్రభుత్వ మత్స్యశాఖలో ఉద్యోగం. అక్కడ ఆమె పని చేపల గురించి జనానికి అర్థమయ్యేలా రేడియో ప్రసంగాలూ కరపత్రాలూ రాయడం. సాహిత్యం వదిలి వచ్చానని ఆమె అనుకున్నారు గాని, నిజానికి సాహిత్యం ఆమెను వదలలేదు. 1951లో సముద్రాన్ని గురించి రాసిన పుస్తకం ఆమెకు గొప్ప పేరు తెచ్చింది. ఆ మరుసటి ఏడు ఉద్యోగం మానేసి పూర్తిగా రచనకే అంకితమయ్యారు.

అప్పటికి అమెరికాలో డి.డి.టి.ని ఇళ్ళలోనే గాక, ఊళ్ళమీదా అడవులమీదా చెరువులమీదా విమానాలతో చల్లడం మామూలైపోయింది. 1957 వేసవిలో మసాచుసెట్స్ రాష్ట్రంలో డక్స్‌బరీ అనే ఊరిమీద దోమల మందు చల్లిన విమానం ఒకటి ఎగిరింది. అక్కడ ఓల్గా హకిన్స్ అనే ఆమె, భర్తతో కలిసి, తమ స్థలాన్ని పక్షులకోసం విడిచిపెట్టి కాపాడుతూ ఉండేది. విమానం వెళ్ళిన తరువాత ఏడు పాటపిట్టలు అక్కడికక్కడే చచ్చి పడ్డాయి. తరువాతి రోజుల్లో మరికొన్ని చచ్చాయి. దోమలు మాత్రం పోలేదు! ఆమె కోపంతో, దుఃఖంతో ఒక ఉత్తరం రాసింది. అది 1958 జనవరిలో 'బోస్టన్ హెరాల్డ్' పత్రికలో అచ్చయింది. దాని ప్రతిని ఆమె తన స్నేహితురాలైన కార్సన్‌కు పంపింది.

ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. ఈ మందుల విషయమై కార్సన్‌కు 1945 నుంచీ అనుమానం ఉంది. ఒక పత్రికకు వ్యాసం రాస్తానని అడిగితే వారు అక్కరలేదన్నారు. పదమూడేళ్ళ తరువాత ఒక ఇల్లాలి ఉత్తరం ఆమెను మళ్ళీ ఆ పనికి పురికొల్పింది. ముందు వేరొకరి చేత రాయించాలని చూశారు. కుదరలేదు. తానే పూనుకున్నారు.

నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళలో తల్లి మరణించింది. అంతకుముందే చనిపోయిన మేనకోడలి చిన్న కొడుకును పెంచే బాధ్యత కార్సన్‌దే. 1960లో ఆమెకు రొమ్ము క్యాన్సర్ అని తేలి శస్త్రచికిత్స జరిగింది. ఆ సంగతి ఆమె బయటి ప్రపంచానికి తెలియనివ్వలేదు. తెలిస్తే, తన జబ్బుకు కారణం వెతుక్కుంటూ రాసిందని పుస్తకాన్ని కొట్టిపారేస్తారని ఆమె భయం. మంచంమీద పడుకొని కొన్ని అధ్యాయాలు రాశారు.

ఆమె కొత్త ప్రయోగాలేవీ చేయలేదు. చాలామంది పొరబడేది ఇక్కడే. పక్షులను లెక్కపెట్టినవారు వేరు, చేపల కొవ్వును పరీక్షించినవారు వేరు, వైద్యులు వేరు. ఎవరి పత్రం వారి శాస్త్రపత్రికలో అచ్చయి బీరువాలో ఉండిపోయింది. ఒకరిది మరొకరు చదివింది తక్కువ. సామాన్యుడికైతే అవి ఉన్నాయనే తెలియదు. కార్సన్ వాటన్నింటినీ తెప్పించి, చదివి, రాసినవారికి ఉత్తరాలు రాసి సందేహాలు తీర్చుకొని, ఒక దారానికి గుచ్చారు. పుస్తకం చివర ఆధారాల పట్టికే 55 పుటలు ఉన్నది.

ఆ దారం ఎలాంటిదో రెండు ఉదాహరణలు చూద్దాం.

కాలిఫోర్నియాలో క్లియర్ లేక్ అనే సరస్సు ఉన్నది. అక్కడ దోమను పోలిన చిన్న పురుగులు ముసిరేవి. అవి కుట్టవు, రక్తం పీల్చవు. కాని సరస్సుకు విహారానికి వచ్చేవారికి వాటితో చికాకు. అందుకని 1949లో డి.డి.టి.కి దగ్గరి చుట్టమైన డి.డి.డి. అనే మందును నీటిలో కలిపారు. లెక్క చాలా జాగ్రత్తగా వేశారు. ఏడు కోట్ల పాళ్ళ నీటికి ఒక్క పాలు మందు. 1954లో మళ్ళీ, ఈసారి అయిదు కోట్ల పాళ్ళకు ఒక పాలు. ఇంత పలుచని మందు ఎవరిని ఏం చేస్తుంది అనుకున్నారు. ఆ చలికాలం నుంచి గ్రీబ్ అనే పక్షులు చావసాగాయి. మన చెరువుల్లో బుడుంగున మునిగి ఎక్కడో తేలే మునుగుడుకోడి కూడా గ్రీబ్ జాతిదే. చచ్చిన పక్షుల కొవ్వును పరీక్షిస్తే, పది లక్షల పాళ్ళకు 1,600 పాళ్ళు మందు ఉన్నది!

నీటిలో లేనంత మందు పక్షిలోకి ఎక్కడినుంచి వచ్చింది? డి.డి.టి. జాతి రసాయనాలు నీటిలో కరగవు, నూనెలో, కొవ్వులో కరుగుతాయి. త్వరగా విరిగిపోవు. నీటిలో తేలే కంటికి కనిపించని జీవులు మందును తమ ఒంట్లో పోగు చేసుకున్నాయి. వాటిలో పది లక్షలకు అయిదు పాళ్ళు. వాటిని తిన్న చిన్న చేపల్లో 40 నుంచి 300. చిన్న చేపలను తిన్న పెద్ద చేపల్లో ఇంకా ఎక్కువ. ఆ చేపలను తిన్నది గ్రీబ్. వడ్డీ మీద వడ్డీ కడుతూ పోయినట్లు మెట్టు మెట్టుకూ విషం పెరిగింది. మందు కొట్టకముందు ఆ సరస్సులో వెయ్యికి పైగా ఉన్న గ్రీబ్ జంటలు 1960 నాటికి ముప్ఫైకి దిగాయి.

రెండవది మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయ ఆవరణలో జరిగింది. అక్కడి ఎల్మ్ చెట్లకు ఒక తెగులు వస్తే, దాన్ని మోసుకొచ్చే పురుగును చంపడానికి 1954 నుంచి చెట్లకు డి.డి.టి. కొట్టారు. ఆకులు రాలాయి. రాలిన ఆకులను వానపాములు తిన్నాయి. వానపాముల్లో కొన్ని చచ్చినా, మిగిలినవి బతికాయి. వసంతంలో తిరిగివచ్చిన రాబిన్ పిట్టలు వానపాములను తిని వణుకుతూ చచ్చిపోయాయి. పదకొండు పెద్ద వానపాములు చాలట, ఒక రాబిన్ చావడానికి. రాబిన్‌కు అది పది పన్నెండు నిమిషాల తిండి. అమెరికన్లకు రాబిన్ అంటే మనకు కోయిల వంటిది. దాని పాట వినబడితేనే వసంతం వచ్చిందని వారి లెక్క. పుస్తకానికి ఆ పేరు ఎందుకు పెట్టారో ఇప్పుడు మీకు తెలిసి ఉంటుంది.

పై రెండు సంగతులూ శాస్త్రపత్రికల్లో అంతకుముందే ఉన్నవే. తేడా అంతా చెప్పే తీరులో ఉన్నది. పట్టికలోని అంకెను కార్సన్ తోటలోని పిట్టగా మార్చారు. పాఠకుడు తన కిటికీ బయటికి చూసేలా చేశారు. మొదటి అధ్యాయంలో ఆమె ఒక ఊహాగ్రామాన్ని వర్ణించారు. అక్కడ కోళ్ళు పొదిగిన గుడ్లు పిల్లలు కావు, తేనెటీగలు రావు, తెల్లవారితే పిట్ట కూయదు. అలాంటి ఊరు ఒకటి ఎక్కడా లేదనీ, కాని ఆ కష్టాల్లో ప్రతి ఒక్కటీ ఎక్కడో ఒకచోట జరిగిందేననీ ఆమె వెంటనే చెప్పేశారు. కల్పనను కల్పన అని చెప్పి, మిగిలిన పుస్తకమంతా ఆధారాలతో నింపడం ఆమె నిజాయితీ. విమర్శకులు మాత్రం ఆ మొదటి అధ్యాయాన్నే పట్టుకొని ఇదంతా కట్టుకథ అన్నారు.

1962 జూన్ 16 నుంచి 'న్యూయార్కర్' పత్రికలో మూడు భాగాలుగా, సెప్టెంబరు 27న పుస్తకంగా అది వెలువడింది. పత్రికకు, ప్రభుత్వ కార్యాలయాలకు ఉత్తరాలు వెల్లువెత్తాయి. ఆగస్టు 29న విలేఖరుల సమావేశంలో ఒకరు దీర్ఘకాలిక ప్రమాదాల విషయం అడిగితే, ప్రభుత్వం పరిశీలిస్తున్నదని చెబుతూ అధ్యక్షుడు కెనడీ కార్సన్ పుస్తకాన్ని ప్రస్తావించారు. అప్పటికి పుస్తకం ఇంకా అచ్చులోంచి బయటికి రాలేదు, పత్రికలో భాగాలే వచ్చాయి.

ఎదురుదెబ్బ కూడా అంత బలంగానే తగిలింది. వెల్సికాల్ అనే రసాయనాల సంస్థ ప్రచురణకర్తలకు హెచ్చరికగా ఉత్తరం రాసింది. మొన్‌శాంటో సంస్థ తన పత్రికలో, పురుగుమందులు లేకపోతే అమెరికా ఎలా నాశనమవుతుందో వర్ణిస్తూ కార్సన్ శైలిని వెక్కిరించే కథనం ప్రచురించింది. ఆమె ఆడది అన్నారు, ఆవేశపరురాలు అన్నారు, పెళ్ళికాని మనిషికి రాబోయే తరాల గొడవ ఎందుకు అన్నారు. ఆమె జవాబు చెప్పిన తీరు చూడదగ్గది. 1963 ఏప్రిల్ 3న సి.బి.ఎస్. టెలివిజన్ ఒక కార్యక్రమం ప్రసారం చేసింది. అందులో ఒకవైపు పరిశ్రమ తరఫు శాస్త్రజ్ఞుడు తెల్లకోటు తొడుక్కొని, గొంతు పెంచి, పురుగుమందులు మానేస్తే చీకటియుగానికి పోతామన్నాడు. మరొకవైపు కార్సన్, అప్పటికే జబ్బుతో క్షీణించి ఉన్నా, కుర్చీలో కూర్చొని నెమ్మదిగా, ఒక్కొక్క వాక్యం తూచినట్లు మాట్లాడారు. చూసినవారు కోటికి తగ్గరు. ఎవరు ఎవరిని నమ్మారో ఆ తరువాత వచ్చిన ఉత్తరాలే చెప్పాయి.

ఇంతకూ ఆమె అన్నదేమిటి? పురుగుమందులన్నీ ఆపేయమని కాదు. ఈ మాట ఆమె పుస్తకంలోనే స్పష్టంగా ఉన్నది. విషాలను, వాటి గుణం తెలియనివారి చేతుల్లో విచ్చలవిడిగా పెట్టవద్దన్నారు. ఎవరి ఇంటిమీద, ఎవరి చెరువులో విషం చల్లుతున్నారో వారికి చెప్పకుండా చల్లే హక్కు ఎవరికీ లేదన్నారు. మందు కొట్టిన కొద్దీ పురుగు దానికి అలవాటుపడుతుందనీ, పురుగును తినే పురుగులు ముందు చస్తాయనీ హెచ్చరించారు. ఈ చివరి మాట మన రైతులకు కొత్తది కాదు. 1980లలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిచేలలో మందులు కొట్టే కొద్దీ తెల్లదోమ పెచ్చరిల్లి, ఎందరో రైతులు అప్పులపాలయ్యారు. వేరే దారులు ఉన్నాయని కూడా కార్సన్ చూపారు. 1888లో ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన ఒక రకం అక్షింతల పురుగులు కాలిఫోర్నియా నారింజ తోటలను పొలుసు పురుగు బారినుంచి కాపాడిన సంగతి వాటిలో ఒకటి.

1963 మే 15న అధ్యక్షుని శాస్త్ర సలహా సంఘం నివేదిక ఇచ్చింది. 'సైలెంట్ స్ప్రింగ్' వచ్చేవరకు ఈ మందుల విషగుణం ప్రజలకు సాధారణంగా తెలియదని ఆ నివేదిక ఒప్పుకున్నది. ప్రభుత్వ సంఘం ఒక పుస్తకం గురించి అలా రాయడం అరుదు. జూన్‌లో కార్సన్ సెనేట్ ఉపసంఘం ముందు సాక్ష్యం చెప్పారు. 1964 ఏప్రిల్ 14న, 56 ఏళ్ళ వయసులో, కన్నుమూశారు.

ఆ తరువాతి పని ఇతరులు చేశారు. 1967లో బ్రిటన్‌లో డెరెక్ రాట్‌క్లిఫ్ అనే శాస్త్రజ్ఞుడు డేగ జాతి పక్షుల పాత గుడ్ల పెంకులను కొత్తవాటితో పోల్చి, డి.డి.టి. వాడకం మొదలైనప్పటినుంచి పెంకులు పలుచబడ్డాయని చూపాడు. తల్లి పొదగడానికి కూర్చుంటే గుడ్లు చితికిపోతున్నాయి! 1970లో అమెరికాలో పర్యావరణ పరిరక్షణ సంస్థ ఏర్పడింది. 1972లో అది డి.డి.టి. వాడకాన్ని దాదాపు పూర్తిగా నిషేధించింది. ఆ దేశపు జాతీయ పక్షి తెల్లతల గద్ద 1963లో, అలాస్కాను వదిలేస్తే, 417 జంటలు మిగిలింది. 2007 నాటికి తొమ్మిది వేల ఏడు వందలు దాటి, ప్రమాదంలో ఉన్న జాతుల జాబితానుంచి బయటపడింది.

కార్సన్ వల్ల డి.డి.టి. ఆగిపోయి మలేరియా పెరిగిందని కొందరు నేటికీ అంటారు. మన దేశాన్ని చూస్తే ఆ మాట నిలవదు. ఇక్కడ డి.డి.టి. చల్లడం ఆపలేదు. అయినా 1976లో మలేరియా కేసులు 64 లక్షలు దాటాయి. దోమలు మందుకు అలవాటుపడడం దానికి ఒక కారణం. 1989లో మన ప్రభుత్వం వ్యవసాయంలో డి.డి.టి.ని నిషేధించి, దోమల నివారణకు మాత్రం ఉంచింది. పొలంలో విచ్చలవిడిగా వాడకుంటే మందు దోమమీద ఎక్కువ కాలం పనిచేస్తుంది. ఇది కార్సన్ చెప్పినదానికి దగ్గరగానే ఉన్నది.

ఇలాంటి రచన మన దేశంలోనూ జరిగింది. కర్ణాటక సరిహద్దున, కేరళలోని కాసరగోడు జిల్లాలో, జీడిమామిడి తోటలున్న కొండలమీద 1970ల చివరినుంచి 2000 వరకు ఎండోసల్ఫాన్ అనే మందును హెలికాప్టర్లతో చల్లారు. కొండమీద చల్లిన మందు కింది ఇళ్ళ బావుల్లో, వాగుల్లో కలిసింది. ఒక రైతు దూడలు వంకర కాళ్ళతో పుట్టడం గమనించిన శ్రీపడ్రె అనే వ్యవసాయ పాత్రికేయుడు ఆ సంగతిని 1980 ప్రాంతాల్లోనే పత్రికకు రాశాడు. అప్పుడు పట్టించుకున్నవారు కొద్దిమంది. ఆ ఊళ్ళలో వైద్యం చేసే మోహనకుమార్ అనే వైద్యుడు తన దగ్గరకు వచ్చే రోగుల్లో వింత జబ్బులు ఎక్కువగా ఉండడం చూసి, వైద్యపత్రికకు ఉత్తరం రాశాడు. వ్యవసాయ శాఖలో పనిచేసే లీలాకుమారి అమ్మ కోర్టుకు వెళ్ళింది. అంబికాసుతన్ మాంగాడ్ 'ఎన్మకజె' అనే మలయాళ నవల రాశాడు. ఎన్మకజె ఆ జిల్లాలోని ఒక ఊరి పేరు. 2011 మే 13న సుప్రీంకోర్టు దేశమంతటా ఎండోసల్ఫాన్ తయారీని, అమ్మకాన్ని నిలిపివేసింది. 2017లో బాధితులకు ఒక్కొక్కరికి అయిదు లక్షల రూపాయలు ఇవ్వాలని ఆదేశించింది. ఆ బాధితుల్లో, దూడల గురించి రాసిన తొలి వ్యాసం అచ్చయ్యేనాటికి ఇంకా పుట్టని పిల్లలు ఎందరో ఉన్నారు.

పదాలు – అర్థాలు

పురికొల్పు : ప్రేరేపించు
పాలు : భాగం, వంతు
పెచ్చరిల్లు : మితిమీరి పెరుగు
కరపత్రం : పంచిపెట్టే చిన్న కాగితం
విచ్చలవిడిగా : అదుపు లేకుండా

అభ్యాసం

అ. క్లియర్ లేక్‌లో చాలా తక్కువ మందు కలిపినా పక్షులు ఎందుకు చనిపోయాయి? మెట్టు మెట్టుగా వివరించండి.

ఆ. కార్సన్ కొత్త ప్రయోగాలేవీ చేయలేదు. అయినా ఆమె పుస్తకం జనాన్ని ఎందుకు కదిలించింది?

ఇ. 'డి.డి.టి. చెడ్డది' అని ఒక విద్యార్థి, 'డి.డి.టి. మంచిది' అని మరొక విద్యార్థి వాదించారు. పాఠం ఆధారంగా వారిద్దరికీ మీరు ఏమి చెబుతారు?

ఈ. మీ ఊళ్ళో పొలాలకు, తోటలకు ఏయే మందులు కొడుతున్నారో, కొట్టేవారు ఏ జాగ్రత్తలు తీసుకుంటున్నారో పెద్దలను అడిగి తెలుసుకోండి. మీరు చూసిన సంగతులు మాత్రమే చెబుతూ పత్రికా సంపాదకునికి ఒక లేఖ రాయండి.